గ్యాసు ఎక్కించే ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వేసవిలో వాహనాల సంరక్షణ గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన సూచనల్లో, కారు ఏసీ చల్లగా లేకపోతే వెంటనే గ్యాసు నింపించుకోవాలన్న మాట ఒకటి చదివాను. ఆ మాట పూర్తిగా తప్పని అనను. అయితే హైదరాబాదులో కారు నడిపేవారు వేసవిలో తరచుగా చెప్పే ఫిర్యాదు వేరు. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదో వెళ్తున్నంతసేపు ఏసీ చక్కగా పనిచేస్తుందని, అమీర్‌పేటలో మెట్రో స్తంభాల పక్కన కాసేపు ఆగేసరికి గాలి వెచ్చబడిపోతుందని, బండి మళ్లీ కదలగానే చల్లబడుతుందని వారు చెబుతారు. ఈ లక్షణం కనబడినప్పుడు మొదట అనుమానించవలసింది రేడియేటర్ ఫ్యానును. ఆ సంగతి తెలియక ఏటా గ్యాసుకు డబ్బు పోసి, చివరికి ఇంజిన్ వేడెక్కి దాని హెడ్డు (పైభాగం) పాడుచేసుకుంటున్నవారిని చూస్తున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐటీఐలో మోటారు మెకానిక్ విద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. నిడివి కొంచెం ఎక్కువైతే మన్నించగలరు.

కారు ముందు జాలీలోంచి తొంగిచూస్తే మొదట కనిపించే పలుచని అల్యూమినియం పలక ఏసీ కండెన్సర్. దాని వెనుక రేడియేటర్, ఆ వెనుక ఫ్యాను ఉంటాయి. చాలా చిన్న కార్లలో రెండింటికీ కలిపి ఒకటే ఫ్యాను. కొన్నింటిలో పక్కపక్కనే రెండు ఉంటాయి. క్యాబిన్‌లోంచి ఏసీ లాగిన వేడి, దానికి తోడు గ్యాసును నొక్కిపెట్టడంలో కంప్రెసర్ చేర్చిన వేడి, రెండూ ఆ కండెన్సర్ ద్వారానే బయటి గాలిలో కలవాలి. బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది కాబట్టి ఫ్యాను చచ్చిపోయి ఉన్నా మనకు తెలియదు. బండి ఆగిన క్షణం నుంచి ఆ భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. అందుకే ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా సరే, ఏసీ స్విచ్ వేయగానే ఫ్యాను తిరగడం మొదలుపెట్టేలా చాలా కార్లను రూపొందించారు. కొన్ని కొత్త కార్లలో మాత్రం ఏసీ పైపులోని ఒత్తిడిని బట్టి కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. పాత అంబాసిడర్లలో ఫ్యాను ఇంజిన్ బెల్టుతోనే తిరిగేది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అదీ నడిచేది, అందులో పాడవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇప్పటి కార్లలో ఒక కరెంటు మోటారు, దానికొక ఫ్యూజు, ఒకటి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), కొన్నింట్లో కరెంటు తగ్గించి ఫ్యాను వేగం తగ్గించే ఒక రెసిస్టర్, వీటన్నిటికీ ఆదేశాలిచ్చే ఇంజిన్ కంప్యూటరు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఫ్యాను ఆగిపోతుంది.

గ్యాసు లోపల ఏం జరుగుతుందో కాస్త అంకెల్లో చెబితే విషయం స్పష్టమవుతుంది. మన రోడ్ల మీద ఉన్న కార్లలో ఎక్కువగా కనిపించే ఆర్-134ఎ గ్యాసు, సుమారు 230 పీఎస్ఐ ఒత్తిడి వద్ద, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా మారుతుంది. మే నెల మధ్యాహ్నం నీడలో 41, 42 డిగ్రీలు ఉన్నప్పుడు, తారు రోడ్డుకు మూరెడు ఎత్తున గాలి అంతకన్నా వేడిగానే ఉన్నా, 60 కంటే తక్కువే కనుక గాలి ఆడుతున్నంతవరకు కండెన్సర్ తన వేడిని వదిలించుకోగలదు. ఫ్యాను ఆగితే అక్కడి గాలి అక్కడే కాగుతుంది. గ్యాసు ఒత్తిడి 290 పీఎస్ఐకి చేరితే అది ద్రవంగా మారే ఉష్ణోగ్రత కూడా 70 డిగ్రీలకు ఎగబాకుతుంది, కంప్రెసర్ మీద బరువు పెరుగుతుంది, క్యాబిన్‌లోకి వచ్చే గాలిలో చల్లదనం తగ్గుతుంది. ఒత్తిడి ఇంకా పెరిగి 400 పీఎస్ఐ పైచిలుకుకు వెళ్తే, పైపులు పగలకుండా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. లోపల కూర్చున్నవారికి తెలిసేది ఏసీ పనిచేయడం లేదన్నది ఒక్కటే. ఆ స్థితిలో ఉన్న బండికి ఇంకాస్త గ్యాసు ఎక్కించడమంటే, వంటింట్లో పొగ బయటికి పోయే దారి మూసుకుపోతే పొయ్యిలో మరో కట్టె దూర్చడమే. గ్యాసు మోతాదు మించితే ఒత్తిడి మరింత పెరిగి, సిగ్నల్ దగ్గర కంప్రెసర్ ఇంకా త్వరగా ఆగిపోతుంది.

షాపుల్లో జరిగే మరో పొరపాటు ఉంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజి తగిలించి, ముల్లు ఎక్కడుందో చూసి, గ్యాసు సరిపోయిందనో తక్కువైందనో తేల్చేస్తారు. వ్యవస్థలో కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు, ఆపి ఉన్న బండిలో ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందే తప్ప గ్యాసు పరిమాణాన్ని బట్టి ఉండదు. 35 డిగ్రీల వద్ద అది సుమారు 114 పీఎస్ఐ. సగం గ్యాసు ఉన్నా, నిండా ఉన్నా అంతే. పరిమాణం కచ్చితంగా తెలియాలంటే ఉన్న గ్యాసును యంత్రంతో బయటికి లాగి తూకం వేయాలి, పైపులను వాక్యూమ్ చేయాలి, ఆ తర్వాత బోనెట్ కింద అతికించిన స్టిక్కరు మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూకం ప్రకారం ఎక్కించాలి. చిన్న కార్లకు పట్టే గ్యాసు అర కిలో కూడా ఉండదు గనుక, యాభై గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. చేతిలో డబ్బా పట్టుకుని, పైపును తడిమి చూసి, చల్లగా తగిలేదాకా వదిలే పద్ధతిలో ఈ కచ్చితత్వం ఎలా వస్తుంది?

మౌలాలిలో మా వీధిలోనే ఒక ఉద్యోగి హ్యాచ్‌బ్యాక్ విషయంలో జరిగింది చెబుతాను. రోజూ హైటెక్ సిటీ దాకా వెళ్లివచ్చే బండి అది. ఏసీ చల్లబడటం లేదని ఒక షాపుకు తీసుకెళ్తే గ్యాసు ఎక్కించారు, కొద్ది రోజులకే మళ్లీ ఎక్కించారు, ఆ పైన కంప్రెసర్ బలహీనపడిందని, మార్చాలని చెప్పారు. సాయంత్రం ఇంటి ముందు బోనెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయించాను. కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ టక్కున పట్టుకున్న చప్పుడు వినిపించింది, క్యాబిన్ నుంచి తిరిగివచ్చే లావు పైపు చల్లబడి చెమర్చింది, కానీ ఫ్యాను కదలలేదు. కాసేపటికి క్లచ్ వదిలేసింది, లావు పైపు మీది చెమ్మ ఆరిపోసాగింది. అలాగే నడవనిచ్చాం. మీటరులో ముల్లు సగం గీత దాటి పైకి వెళ్తుండగా ఫ్యాను ఒక్కసారిగా పెద్ద హోరుతో తిరిగింది, ఆ కాసేపూ ఏసీ గాలి మంచులా వచ్చింది, ఇంజిన్ చల్లబడగానే ఫ్యాను ఆగిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. అంటే మోటారు బాగానే ఉంది, ఎక్కువ వేగానికి కరెంటిచ్చే రిలే కూడా బాగానే ఉంది, ఏసీ వేసినప్పుడు తక్కువ వేగంతో తిప్పే దారి ఒక్కటే ఎక్కడో తెగిపోయింది. ఆ కారులో తక్కువ వేగం కోసం ఫ్యాను చట్రం మీద ఒక రెసిస్టర్ బిగించి ఉంది. దాని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) లాగి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము పేరుకుని ఉంది, లోపలి తీగ చుట్ట ఒక కొస దగ్గర తెల్లబారి తెగి ఉంది. ఆ చిన్న భాగం మార్చి, పిన్నులు శుభ్రం చేసి, ఎక్కువైన గ్యాసును తీయించి తూకం ప్రకారం నింపించాక, మారుస్తామన్న కంప్రెసరే ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ పరీక్షలో నిపుణుడు మాత్రమే చేయగలిగింది చాలా తక్కువ. కారు నడిపే ఎవరైనా నీడలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఏసీ పూర్తిగా పెట్టి, ముందు నుంచి ఫ్యాను చప్పుడు వినవచ్చు. తిరుగుతోందో లేదో అనుమానంగా ఉంటే జాలీకి ఎదురుగా ఒక పలుచని కాగితం పట్టుకుంటే, గాలి లోపలికి లాగుతున్నప్పుడు అది జాలీకి అతుక్కుంటుంది. కాగితం బయటికి ఎగిరితే ఫ్యాను తలకిందులుగా తిరుగుతున్నట్లు. ఇది నమ్మశక్యంగా అనిపించకపోవచ్చు గానీ, ముందు బంపరు దెబ్బతిని బాగుచేయించిన బండ్లలో మోటారు వైర్లు అటూ ఇటూ మారిపోయి ఫ్యాను వెనక్కి తిరగడం, బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలితో అది పోట్లాడి ఇంజిన్ వేడెక్కడం నేను చూసినవే. మరో పరీక్ష ఇంకా సులువు. బండి ఆగి ఉండి ఏసీ వెచ్చబడినప్పుడు, తోటకు నీళ్లు చల్లే మామూలు పైపుతో జాలీలోంచి కండెన్సర్ మీద సన్నగా నీళ్లు చల్లాలి. నిమిషం రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడితే గ్యాసు చాలినంత ఉందనీ, కంప్రెసర్ పనిచేస్తోందనీ, లోపం గాలి ఆడకపోవడంలోనే ఉందనీ దాదాపుగా తేలినట్లే. వేడిగా ఉన్న ఇంజిన్ మీద మాత్రం నీళ్లు పోయకూడదు. ఫ్యాను ఎప్పుడైనా తనంతట తాను తిరగవచ్చు, కొన్ని బండ్లలో తాళం తీసేసిన తర్వాత కూడా తిరుగుతుంది. కాబట్టి చున్నీలు, వదులు చేతుల చొక్కాలు, వేళ్లు దానికి దూరంగా ఉండాలి.

ఫ్యాను తిరగడం లేదని తేలాక వెతకవలసిన క్రమం ఉంది, ఆ క్రమం తప్పితే డబ్బు వృథా. మొదట ఫ్యూజు. చిన్న కారు ఫ్యాను సుమారు 10 నుంచి 20 ఆంపియర్ల కరెంటు లాగుతుంది గనుక దానికి 30 లేదా 40 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అది కాలిపోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు, ఎందుకు కాలిందో చూడాలి. మోటారు బేరింగు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగడం దీనికి ఒక ముఖ్య కారణం. ఇంజిన్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, చేత్తో రెక్కను తిప్పితే అది తేలికగా తిరగాలి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా మోటారు చివరి దశలో ఉన్నట్లు. పోయిన ఫ్యూజు స్థానంలో ఇంకా పెద్ద ఫ్యూజునో, రాగి తీగ ముక్కనో పెట్టడం బండికి నిప్పు పెట్టుకోవడానికి సిద్ధపడటమే. తర్వాత రిలే. బోనెట్ కింది పెట్టెలో హారనుకో మరోదానికో అదే నంబరు రిలే ఉంటే, రెండింటినీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఆ తర్వాత మోటారు. కప్లర్ తీసి, ఫ్యూజు పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే అది తిరగాలి. తిరగకుండా, మోటారు మీద చిన్నగా తట్టినప్పుడు తిరిగితే లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయని అర్థం. అలాంటి మోటారు ఈ రోజు తిరిగినా నడిరోడ్డు మీద ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. మోటారు, రిలే, ఫ్యూజు అన్నీ బాగుంటే అప్పుడు ఎర్త్ వైరు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సరు, ఏసీ ప్రెషర్ సెన్సరు, చివరగా కంప్యూటరు. చాలా కార్లలో ఉష్ణోగ్రత సెన్సరు కప్లర్ పీకేస్తే, ఇంజిన్‌ను కాపాడటం కోసం కంప్యూటరు ఫ్యానును తనంతట తానే పూర్తి వేగంతో తిప్పుతుంది. అలా తిరిగితే మోటారు దాకా ఉన్న దారి అంతా బాగున్నట్లే.

ఇంత వెతకడం ఎందుకని మన షాపుల్లో 'డైరెక్ట్' చేసేస్తారు. తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేలా బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి, రిలేను, సెన్సరును పక్కన పెట్టేస్తారు. యజమానికి ఆ రోజుకు ఏసీ చల్లబడుతుంది, బిల్లు తక్కువవుతుంది, అందరికీ సంతోషం. అయితే అవసరం ఉన్నా లేకున్నా తిరిగే మోటారు బ్రష్‌లు త్వరగా అరిగిపోతాయి, ఫ్యూజు లేకుండా లాగిన వైరు వేడెక్కి ఒరుసుకుని కాలే ప్రమాదం ఉంటుంది, అన్నిటికీ మించి అసలు లోపం ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఉష్ణోగ్రత సెన్సరే తప్పు చెబుతుంటే ఫ్యానును డైరెక్ట్ చేయడం వల్ల ఆ తప్పు సరికాదు సరికదా, ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పంపాలన్నది కూడా ఆ తప్పుడు లెక్క మీదే నడుస్తూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కుతోందని, వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను పీకి పారేసే అలవాటు కూడా ఈ కోవకే చెందుతుంది.

ఫ్యాను బాగా తిరుగుతున్నా సిగ్నల్ దగ్గర వేడి గాలే వస్తుంటే అప్పుడు కండెన్సర్ ముఖం చూడాలి. మెట్రో పనులతో, ఫ్లైఓవర్ల పనులతో, తవ్వి వదిలేసిన రోడ్లతో మన నగరంలో దుమ్ముకు కరువు లేదు. ఆ దుమ్ము, పురుగులు, చెట్ల కింద నిలిపిన బండ్లలో ఎండుటాకుల పొడి, అన్నీ కలిసి కండెన్సర్ రేకుల మధ్య అట్టకడతాయి. కొన్నిసార్లు కండెన్సర్ ముందువైపు శుభ్రంగా కనిపించినా, కండెన్సర్‌కు రేడియేటర్‌కు మధ్యనున్న సందులో బూజులా పేరుకుని ఉంటుంది. దీన్ని మామూలు నీళ్ల ధారతో, వీలైతే లోపలి వైపు నుంచి బయటికి కడగాలి. వాషింగ్ సెంటర్లలో బురద వదిలించే హైప్రెషర్ గన్నును దగ్గరగా పెట్టి కొడితే కాగితం కన్నా పలుచనైన ఆ రేకులు మడతపడి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ముచ్చటపడి జాలీకి అదనంగా బిగించే నెట్లు, వరుసగా పెట్టే పెద్ద లైట్లు కూడా గాలికి అడ్డమే. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం పగిలినా, మరమ్మతులో దాన్ని తిరిగి బిగించకపోయినా ఫ్యాను రేడియేటర్‌లోంచి కాకుండా పక్క సందుల్లోంచి గాలి లాగుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఈ చట్రం ఉందో లేదో తప్పక చూసుకోవాలి.

ఏసీకి సంబంధించి మరికొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, వాటికి ఫ్యానుతో సంబంధం లేదు. గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. లోపలి బ్లోయరు చివరి నంబరులో మాత్రమే తిరిగితే బ్లోయరు రెసిస్టర్ పోయినట్లు. చాలాసేపు నడిచాక గాలి తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ సరవుతుంటే క్యాబిన్ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోందన్నమాట. కదులుతున్నా ఆగినా, పొద్దునా సాయంత్రం కూడా ఒకేలా చల్లదనం తక్కువగా ఉంటే అప్పుడు గ్యాసును అనుమానించడం న్యాయం. కంప్రెసర్‌లోకి వెళ్లే వైపు, బయటికి వచ్చే వైపు ఒత్తిడి చూపే గేజిలు రెండూ తక్కువ చూపితే గ్యాసు తగ్గినట్లు, రెండూ ఎక్కువ చూపితే కండెన్సర్ వేడి వదలడం లేదనో గ్యాసు మించిందనో అర్థం, తక్కువ ఒత్తిడి ఉండవలసిన వైపు ఎక్కువగా, ఎక్కువ ఒత్తిడి ఉండవలసిన వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ అరిగినట్లు. ఇది ఐటీఐ మొదటి పాఠాల్లోదే.

గ్యాసు నిజంగానే తగ్గినా కథ ఎక్కించడంతో ముగియదు. ఆ గ్యాసు ఇంజిన్‌లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా తగ్గవచ్చు గానీ, ప్రతి వేసవికీ నింపవలసి వస్తే ఎక్కడో లీకు ఉన్నట్లే. పైపుల కీళ్ల దగ్గర జిడ్డుగా నూనె మరక కనిపిస్తే అదే లీకుకు గుర్తు. కనిపించకపోతే నైట్రోజన్ నింపి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసి, సబ్బు నురుగుతో వెతకాలి. లీకు మూయకుండా ఎక్కించిన గ్యాసంతా నింగికే పోతుంది. ఆర్-134ఎ కి ఓజోన్ పొరను దెబ్బతీసే గుణం లేకపోయినా, వందేళ్ల కాలానికి చూస్తే భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు ఎక్కువ అన్న లెక్క మీదే ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించేందుకు కుదిరిన 2016 నాటి కిగాలీ ఒప్పందం నడుస్తోంది. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. ఒక చిన్న కారులోని 400 గ్రాముల గ్యాసు గాలిలో కలిస్తే 570 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. కొన్ని కొత్త కార్లలో వస్తున్న ఆర్-1234వైఎఫ్ గ్యాసుకు ఆ దోషం చాలా తక్కువ, అయితే దానికి కొద్దిగా మండే గుణం ఉంది, ధర కూడా ఎక్కువ. అందువల్ల స్టిక్కరు మీద ఏ గ్యాసు రాసి ఉందో చూడకుండా చేతికందినది నింపడం ప్రమాదకరం.

ఇంతకీ ఫ్యాను గురించి ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇంజిన్. సిగ్నల్ దగ్గర ఏసీ వెచ్చబడటం అనేది రేడియేటర్‌కు గాలి అందడం లేదని ముందుగా వచ్చే హెచ్చరిక. కండెన్సర్ మీద పడిన భారం మనకు నిమిషాల్లో తెలుస్తుంది, రేడియేటర్‌లో నీళ్లు మరగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. చాలా హ్యాచ్‌బ్యాకుల్లో ఇప్పుడు ఉష్ణోగ్రత ముల్లే లేదు, వేడి మించాక వెలిగే ఎర్ర దీపం ఒక్కటే ఉంది. పైగా ఇంజిన్ వేడెక్కితే కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. అది చూసి ఏసీ పాడైందనుకుని నడుపుతూ పోయేవారున్నారు. హైదరాబాదు సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది గనుక ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని బిగపట్టి ఉంచడం వల్ల ఆ మరిగే స్థాయి దాదాపు 120 డిగ్రీలకు పెరుగుతుంది. ఆ మూత రబ్బరు ఎండిపోయినా, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసినా ఆ రక్షణ తగ్గిపోతుంది. మన బోరు నీళ్లు బకెట్ల అంచున తెల్లటి పొర కడతాయని ఇంట్లో అందరికీ తెలిసిందే, రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను, చెప్పిన పాళ్లలో, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడానికి అయ్యే ఖర్చు ఇంజిన్ హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ మార్చడానికయ్యే ఖర్చు ముందు లెక్కలోది కాదు.

దారిలో ఫ్యాను ఆగిపోయి వేడి పెరుగుతుంటే వెంటనే ఏసీ ఆపాలి, కిటికీలు దించాలి, హీటరును, బ్లోయరును పూర్తిగా పెట్టాలి. ఇంజిన్ వేడిలో కొంత ఆ దారిన బయటికి వస్తుంది. మే నెలలో ఇది నరకమే గానీ పక్కకు తీసేంతవరకు భరించాలి. ఎర్ర దీపం వెలిగినా, ముల్లు చివరికి చేరినా ఇక ఆలోచించకుండా బండి పక్కన పెట్టి ఇంజిన్ ఆపేయాలి. కనీసం అరగంట దాటి, చేత్తో తాకి చల్లబడిందని తెలిసేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

మెకానిక్కులనే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చాలామంది యజమానులు షాపులో అడుగుపెడుతూనే "గ్యాసు కొట్టండి" అంటారు, లక్షణం చెప్పరు. వెతికినందుకు మజూరీ అడిగితే ఇవ్వడానికి వెనకాడతారు, గ్యాసుకైతే మారు మాట్లాడకుండా ఇస్తారు. రాణిగంజ్‌లో రిలే ధర వందల్లోనే ఉంటుంది. ఆ రిలే పోయిందని కనిపెట్టడానికి పట్టిన గంటకు విలువ ఇవ్వకపోతే, కనిపెట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? యజమానులు తమ ఫిర్యాదును కచ్చితంగా చెప్పాలి: కదిలేటప్పుడు ఎలా ఉంది, ఆగినప్పుడు ఎలా ఉంది, ఎంతసేపటికి వేడి మొదలవుతోంది, అప్పుడు ఫ్యాను చప్పుడు వినిపిస్తోందా అని. అదే సమయంలో షాపులు కూడా బిల్లు మీద "ఏసీ గ్యాసు" అని రెండు ముక్కలు రాసి ఊరుకోకుండా, బయటికి తీసిన గ్యాసు ఎన్ని గ్రాములు, ఎక్కించింది ఎన్ని గ్రాములు, ఇంజిన్ నడుస్తుండగా రెండు గేజిల్లో ఒత్తిడి ఎంత, ఫ్యాను రెండు వేగాల్లోనూ తిరిగిందా అన్నవి రాసి ఇవ్వాలి. వినియోగదారుడికి తెలియవలసిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపమేనని 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం చెబుతోంది. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అంతదాకా వెళ్లనవసరం లేకుండా, ఈ వివరాలు రాసిచ్చే షాపులకే బండి ఇస్తామని పది మంది యజమానులు అనడం మొదలుపెడితే మిగతా షాపులు కూడా దారికి వస్తాయి.

మీ పత్రిక వచ్చే వేసవి సూచనల్లో గ్యాసు గురించి చెప్పే ముందు, ఏసీ వేసి ఫ్యాను తిరుగుతోందో లేదో చూసుకోమన్న ఒక్క వాక్యం చేర్చాలనీ, వీలైతే పైన చెప్పిన బిల్లు వివరాలను పాఠకులు కత్తిరించి కారులో పెట్టుకునేలా చిన్న పెట్టెలో ప్రచురించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు, మోటారు మెకానిక్ విభాగం,
మౌలాలి, హైదరాబాద్